తుమ్ములకు బలం మందా?

"వీడికి ఇమ్యూనిటీ తక్కువండీ."

పొద్దున లేస్తూనే వరసగా తుమ్మి, కళ్లు ఎర్రబడేలా నులుముకుని, అరచేత్తో ముక్కును కింద నుంచి పైకి రుద్దుకునే పిల్లవాణ్ణి చూపించి మనవాళ్లు చెప్పే మాట ఇది. అలా రుద్దీ రుద్దీ కొందరు పిల్లలకు ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత కూడా పడిపోతుంది. అమ్మమ్మ ఆ మాటే అంటుంది, పక్కింటావిడ అంటుంది, మందుల షాపు అబ్బాయీ అంటాడు. డాక్టర్లలోనూ కొందరు ఔననే ఊరుకుంటారు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, బయట బెంచీ మీద ఇంకా ఇరవైమంది ఉంటారు. మెల్‌బోర్న్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా ఈ మాట మారదు. దాని వెనకే చ్యవనప్రాశ డబ్బా వస్తుంది, జింకు సిరప్పు వస్తుంది, ఇమ్యూనిటీ బూస్టర్ అని రాసున్న రంగురంగుల గమ్మీలు వస్తాయి. కోవిడ్ తర్వాతైతే ఈ వ్యాపారానికి పట్టపగ్గాల్లేవు.

ఆ మాట తప్పు. కాస్త అటూ ఇటూ అయిన తప్పు కాదు, తలకిందులైన తప్పు. గడ్డి పుప్పొడి పడని పిల్లవాడి రోగనిరోధక వ్యవస్థ నీరసించి లేదు. అక్కర్లేని చోట కయ్యానికి కాలు దువ్వుతోంది. దానికి నేర్పాల్సింది ఓర్పు. గడ్డి పుప్పొడికి ఇచ్చే ఇమ్యునోథెరపీ, అంటే అలర్జీ ఇంజక్షన్లూ నాలుక కింద పెట్టే మాత్రలూ, పిల్లల ఒంట్లో చేసే పని సరిగ్గా అదే. ఈ ఒక్క సంగతి పట్టుబడకపోవడం వల్ల తల్లిదండ్రులు మొదలుపెట్టాల్సినప్పుడు మొదలుపెట్టరు, ఆపకూడనప్పుడు ఆపేస్తారు.

గడ్డి పుప్పొడి తనంతట తాను మనిషికి చేసే చెరుపేమీ లేదు. అది సూక్ష్మజీవి కాదు, ఒంట్లో పెరగదు, విషం కక్కదు. ముక్కులోని తడి తగిలిన కొద్ది నిమిషాల్లో తనలోని కొన్ని ప్రొటీన్లను వదులుతుంది, అంతే. చాలామంది పిల్లల శరీరాలు వాటిని చూసీ చూడనట్టు పోనిస్తాయి. అలర్జీ ఉన్న పిల్లవాడి శరీరం మాత్రం వాటి కోసం పనిగట్టుకుని ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేస్తుంది. అది వెళ్లి ముక్కు పొరల్లోని మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. మళ్లీ పుప్పొడి తగిలిందో లేదో ఆ కణాలు హిస్టమిన్‌ను గుమ్మరిస్తాయి. తుమ్ములూ, దురదా, నీళ్లు కారడమూ పుప్పొడి చేసినవి కావు, శరీరం చేసుకున్నవి. ఇంత గురి, ఇంత వేగం, నిరుటి గడ్డిని ఈ ఏడు కూడా గుర్తుపట్టే ఇంత జ్ఞాపకం, ఇవి బలహీనుడి లక్షణాలా? గుమ్మంలోకొచ్చిన చుట్టాన్ని కరిచిన కుక్కను చూసి, పాపం నీరసంగా ఉన్నట్టుంది, ఇంకో రెండు ముద్దలు ఎక్కువ పెట్టండి అన్నట్టుంది ఈ బలం మందుల సలహా.

చ్యవనప్రాశ తింటే అలర్జీ ముదురుతుందని నేననడం లేదు. ఇష్టంగా తినే పిల్లలు తినొచ్చు. నా తగాదా ఆ డబ్బాతో కాదు, దాన్ని కొనిపించిన లెక్కతో.

నిజంగానే రోగనిరోధక వ్యవస్థలో ఒక ముక్క లోపించి పుట్టే పిల్లలున్నారు. వాళ్లను చూస్తే ఈ లెక్క ఎంత తప్పో తెలుస్తుంది. ఫాక్స్‌పీ3 అనే జన్యువు దెబ్బతిన్న మగశిశువుల్లో వచ్చే ఐపెక్స్ అనే అరుదైన జబ్బు ఉంది. ఆ జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న ముడి 2001లో తేలింది. వాళ్లలో పనిచెయ్యనివి రెగ్యులేటరీ టి కణాలు, అంటే మిగతా కణాలను ఇక చాలు అని ఆపే కణాలు. అవి లేని పసివాడికి ఒళ్లంతా ఎగ్జిమా, ఆగని విరేచనాలు, నెలల వయసులోనే మధుమేహం, రక్తంలో విపరీతంగా ఐజీఈ, తిండి అలర్జీలు. ఆపేవాడు లేకపోతే అలర్జీ వస్తుంది, కొట్టేవాడు లేకపోవడం వల్ల కాదు. మన తుమ్ముల పిల్లవాడికి ఐపెక్స్ లేదు, వాడి జబ్బు అందులో ఆవగింజంత. కానీ లోపం ఎటువైపు ఉందో వెతకాల్సి వస్తే అటే వెతకాలి.

ఎదుటివాళ్ల దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటేసి పోను. "మరి మావాడికి నెలకోసారి జలుబు ఎందుకు చేస్తుంది? క్లాసులో అందరికీ తగ్గినా వీడికి పిల్లికూతలు ఎందుకు తగ్గవు?" ఇందులో సగానికి జవాబు తేలిక. జ్వరం లేకుండా, దురదతో, నీళ్లలా కారుతూ, ఒకే కాలంలో ఏటేటా వచ్చే జలుబు జలుబే కాదు, అలర్జీ. మిగతా సగం మాత్రం నిజమే. జలుబు వైరస్ అలర్జీ ఆస్తమా ఉన్న పిల్లల్ని ఎక్కువ ఏడిపిస్తుంది. అమెరికా నగరాల పేదపేటల్లో, 6 నుంచి 17 ఏళ్ల ఆస్తమా పిల్లల మీద దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. సెలవుల తర్వాత బడి తెరిచే ముందు కొందరికి ఒమాలిజుమాబ్ ఇచ్చారు. అది ఐజీఈని పట్టి పక్కకు లాగేసే మందు. బలం మందుల లెక్క ప్రకారం, ఒంట్లోంచి ఒక యాంటీబాడీని తీసేస్తే పిల్లవాడు ఇంకా బలహీనపడాలి. జరిగింది వేరు. ఆకురాలు కాలంలో వచ్చే ఆస్తమా విజృంభణలు తగ్గాయి. వాళ్ల రక్తకణాలు జలుబు వైరస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ జవాబు ముందుకంటే పెరిగింది. ఐజీఈ గోల తగ్గితే వైరస్‌ను ఎదిరించడం మెరుగైందన్నమాట. అంటే ఆ పిల్లల్లో వైరస్‌కు చోటిచ్చింది అలర్జీయే.

మళ్లీ మళ్లీ న్యుమోనియా వచ్చి, చెవులు చీము కారి, బరువు పెరగని పిల్లవాడి సంగతి పూర్తిగా వేరు. వాణ్ణి ఇమ్యూనిటీ లోపానికి పరీక్ష చెయ్యించాల్సిందే. గమ్మీలు వాడికీ పనికిరావు.

ఈ బలం సిద్ధాంతానికి గొప్ప వంశమే ఉంది. గడ్డి పుప్పొడి ఇంజక్షన్ పుట్టింది లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో. లెనార్డ్ నూన్ అనే యువ వైద్యుడు తిమోతీ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ హే ఫీవర్, అంటే ఈ పుప్పొడి తుమ్ముల జబ్బు, ఉన్న రోగులకు ఎక్కించి, ఫలితాలను 1911 జూన్‌లో లాన్సెట్ పత్రికలో అచ్చువేశాడు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు పుప్పొడి నుంచి దిగే సారాన్ని ఒక యూనిట్ అనుకున్నాడు. ఎన్ని యూనిట్ల చుక్క కంట్లో వేస్తే కన్ను ఎర్రబడుతుందో చూసి రోగి ఓర్పును కొలిచాడు. పుప్పొడిలో ఏదో విషం ఉందని, తాను దానికి విరుగుడు పుట్టిస్తున్నానని ఆయన నమ్మకం. టీకాలు వెలుగుతున్న కాలం, గురువు టీకాల దిగ్గజం ఆల్మ్రోత్ రైట్, ఇంకోలా ఆలోచించడం కష్టం. 1913లో నూన్ క్షయతో పోయాడు, పనిని సహచరుడు జాన్ ఫ్రీమన్ ముందుకు తీసుకెళ్లాడు. వైద్యం నిలిచింది, విషం కథ నిలవలేదు. చిత్రమేమిటంటే ఆ కథకు ఎదురు సాక్ష్యం నూన్ స్వయంగా గమనించినదే. మోతాదు మరీ ఎక్కువైనా, మరీ దగ్గరదగ్గరగా ఇచ్చినా రోగి ఓర్పు పెరగకపోగా తగ్గేది. బలం నూరిపోసే మందైతే ఎక్కువ ఇస్తే ఎక్కువ రావాలి కదా. నూటపదేళ్లు దాటాక కూడా మనం నూన్ చూసినదాన్ని వదిలేసి, ఆయన పొరపాటును పట్టుకు వేలాడుతున్నాం.

సిడ్నీలో ఉంటున్న మా పిన్ని కూతురు పోయినేడు ఒక రాత్రి కొడుకు రక్తపరీక్ష రిపోర్టు ఫొటో పంపింది. కింద వాయిస్ మెసేజ్: "అన్నయ్యా, మాత్రలు మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ఐజీఈ తగ్గకపోగా పెరిగింది చూడు. ఉన్న ఇమ్యూనిటీ కూడా పోతోందేమో, ఆపేద్దామా?" అక్కడ ఎర్ర అక్షరాల్లో పైకి చూపే బాణం గుర్తు ఉంది. అది చూస్తే ఏ తల్లికైనా గుండె జారుతుంది. కానీ ఆ బాణం చికిత్స మొదట్లో రావలసిందే. తొలి వారాల్లో, నెలల్లో గడ్డికి సంబంధించిన ఐజీఈ పెరగడం మామూలు. నెలల మీద, ఏళ్ల మీద అది దిగుతుంది. అంతకంటే ముఖ్యంగా, పుప్పొడి కాలం వచ్చినప్పుడల్లా ఎగిసే అలవాటు మానుకుంటుంది. మొదటి రిపోర్టు చూసి ఆపేస్తే, వంట పొయ్యి మీద ఉండగానే మంట ఆర్పినట్టు.

ఆ నాలుగు నెలల్లో రిపోర్టుకెక్కని పని చాలా జరుగుతుంటుంది. నాలుక కింద పొరల్లో కాపలా ఉండే డెండ్రిటిక్ కణాలు పుప్పొడి ప్రొటీన్‌ను రోజూ, హడావుడి లేకుండా, దగ్గరి లింఫు గ్రంథులకు మోస్తాయి. ముక్కులోకి గాలితో పాటు దూసుకొచ్చే పుప్పొడి వేరు, ఇలా నెమ్మదిగా పరిచయమయ్యే పుప్పొడి వేరు. ఆ గ్రంథుల్లో రెగ్యులేటరీ టి కణాలు తయారవుతాయి. అవి ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేతాన్ని వదులుతాయి. ఆ సంకేతం అందిన బి కణాలు కొన్ని ఐజీజీ4 అనే వేరే యాంటీబాడీకి మళ్లుతాయి. ఈ ఐజీజీ4 మెతక జాతి, మంట రాజెయ్యదు. పుప్పొడి ప్రొటీన్ మాస్ట్ కణం దాకా చేరేలోపే దాన్ని పట్టేసుకుంటుంది. ఇలా అడ్డుపడేదేదో చికిత్స పొందినవాళ్ల రక్తంలో ఉందని న్యూయార్క్‌లో రాబర్ట్ కుక్ బృందం 1935లోనే చూపించింది. అప్పటికి ఐజీఈ అనేది ఒకటుందని ఎవరికీ తెలియదు, అది బయటపడింది 1960ల చివర్లో. ఇంకోవైపు అలర్జీని ఎగదోసే టి కణాల జోరు తగ్గుతుంది. అలర్జీకి ఆజ్యం పోస్తూ పుప్పొడి కాలంలో రక్తంలో పెరిగే ఐఎల్‌సీ2 అనే కణాలు చికిత్సలో ఉన్నవాళ్లలో అంతగా పెరగవని కూడా చూశారు.

చికిత్స మానేశాక ఐజీజీ4 పరిమాణం బాగా పడిపోతుంది, కానీ అడ్డుకునే సామర్థ్యం చాలావరకు మిగులుతుంది. దాన్ని బట్టి ఇది రాశికి సంబంధించిన వ్యవహారం కాదని తేలుతోంది. అందుకే ఒక్క ఐజీజీ4 అంకె చూసి ఈ పిల్లవాడికి పనిచేసింది, ఆ పిల్లకు చెయ్యలేదు అని తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు. అలా తేలుస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు జాగ్రత్త. ఇంకోటి, ఈ ఓర్పు ఆ గడ్డికే, దాని దగ్గరి బంధువులకే పరిమితం. తట్టు టీకా జ్ఞాపకం తట్టు టీకాదే, దానికేమీ కాదు. అలర్జీని అణచడమంటే ఒంటిని నిరాయుధం చెయ్యడమే అని భయపడేవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలాలి.

"పెద్దయితే అదే పోతుంది, అప్పటికి ఇమ్యూనిటీ పెరుగుతుంది" అనేది ఈ చెట్టుకే కాసిన రెండో కాయ. కొందరికి పోతుంది, నిజమే. కానీ పిల్లవాడు పెరిగేకొద్దీ అలర్జీ కూడా చదువుకుంటుంది. జర్మనీలో 1990లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించిన మాస్ అధ్యయనంలో, గడ్డి మీద ఐజీఈ ఎలా ఎదిగిందో రక్తనమూనాల్లో చూశారు. చాలామందిలో అది తిమోతీ గడ్డిలోని ఒకే ఒక్క ప్రొటీన్ మీద, ఎక్కువగా ఒకటో నంబరు దాని మీద, మొదలైంది. అదీ తుమ్ములు రావడానికి ఏళ్ల ముందు. తర్వాత ఐదో నంబరు, ఇంకొన్ని, అలా పాకుతూ పోయింది. మనం వయసు పెరిగితే తగ్గుతుందని ఎదురుచూసే ఆ ఏళ్లలోనే అది కొత్త కొత్త గుర్తులు పట్టడం నేర్చుకుంటోంది.

ఎదురుచూసినందుకు మూల్యం ఒక్కోసారి ఉబ్బసం. ఉత్తర, మధ్య ఐరోపాలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 205 మందితో నడిచిన పాట్ అధ్యయనంలో, గడ్డి, బర్చి పుప్పొడులకు మూడేళ్లు ఇంజక్షన్లు ఇచ్చారు. మొదలైన పదేళ్లకు మళ్లీ చూస్తే, మొదట్లో ఆస్తమా లేనివాళ్లలో ఇంజక్షన్లు తీసుకున్న 64 మందిలో 16 మందికి, తీసుకోని 53 మందిలో 24 మందికి ఆస్తమా ఉంది. ఉత్తుత్తి మందు పెట్టి పోల్చిన పరీక్ష కాదది, ఎవరికేం ఇస్తున్నారో అందరికీ తెలుసు. ఆ లోటు తీర్చడానికి 11 ఐరోపా దేశాల్లో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 812 మందితో గ్యాప్ పరీక్ష జరిగింది. గడ్డి మాత్ర మూడేళ్లు, ఆ తర్వాత రెండేళ్ల పరిశీలన. ఫలితాలు 2018లో వచ్చాయి. ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్నది, ఊపిరితిత్తుల కొలతతో కలిపి నిర్ధారించే ఆస్తమా రావడం ఆలస్యమవుతుందా అన్నది, నెరవేరలేదు. ఈ వైద్యాన్ని మోసేవాళ్లు ఈ వాక్యాన్ని మింగేస్తుంటారు, మింగకూడదు. అదే పరీక్షలో, మందు ఆపిన రెండేళ్ల తర్వాత కూడా ఆస్తమా లక్షణాలూ ఆస్తమా మందుల వాడకమూ గడ్డి మాత్ర తీసుకున్నవాళ్లలో తక్కువ. ముక్కు, కళ్ల బాధలు తక్కువ. ఒంట్లోని సంగతి చూస్తే, గడ్డి ఐజీఈ, మొత్తం ఐజీఈ, చర్మం మీద సూది పరీక్షలో వచ్చే దద్దురు, మూడూ తగ్గాయి. పిల్లల శరీరం తన మనసు మార్చుకుందనడానికి ఇంతకంటే తిన్నని సాక్ష్యం అక్కర్లేదు.

"మన దేశం నుంచి వెళ్లినవాళ్లకు గాలీ నీళ్లూ పడక ఇమ్యూనిటీ పడిపోతుంది" అనేది ప్రవాసంలో వినిపించే పాఠాంతరం. మెల్‌బోర్న్‌కు వెళ్లిన ఆసియా వలసదారుల్లో హే ఫీవర్ దిగిన వెంటనే రాదు, అక్కడ గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ పెరుగుతుందని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. గాలి పడక వచ్చేదైతే మొదటి ఏడే రావాలి. రై గడ్డిని గుర్తుపట్టడం నేర్వడానికి శరీరానికి కొన్ని వసంతాలు పడుతున్నాయి, అంతే. 2016 నవంబర్ 21 సాయంత్రం అక్కడ ఉరుముల వాన వచ్చినప్పుడు రై గడ్డి రేణువులు తేమకు పగిలి, లోపలి పిండి కణాలు ఊపిరితిత్తుల లోతుకు దిగాయి. 30 గంటల్లో మామూలు కంటే మూడు వేలకు పైగా ఎక్కువమంది ఊపిరాడక ఆస్పత్రులకు పరుగెత్తారు. 10 మంది చనిపోయారు. బాధితుల్లో భారత, శ్రీలంక, ఇతర ఆసియా మూలాలవాళ్ల వాటా జనాభాలో వాళ్ల వాటాను మించింది. అంతకుముందు ఆస్తమా ఎరగనివాళ్లు, హే ఫీవరే కదా అని ఊరుకున్నవాళ్లు చాలామంది. అక్కడి మన కుటుంబాలు పిల్లల తుమ్ములను జలుబు ఖాతాలో రాసుకోవడం ఇకనైనా మానుకోవాలి.

అలాగని ఐరోపా ఫలితాలు చేతబట్టుకుని గడ్డి వైద్యం అంటూ హైదరాబాద్‌లో దుకాణం తెరిచేవాళ్లతో నేను గొంతు కలపను. తిమోతీ, రై మన మైదానాల గడ్డి కాదు. మనది గరిక. గడ్డి కుటుంబంలో దాని శాఖ వేరు, తిమోతీలో ప్రధానమైన ఐదో నంబరు ప్రొటీన్ గరికలో లేదు. తిమోతీకి ఓర్పు నేర్చినంత మాత్రాన గరికకు ఓర్పు రాదు. పైగా ఇక్కడి పిల్లల్లో చాలామందిని పట్టేది ఇంటి దుమ్ములోని మైట్లు. చర్మపరీక్షలో చిన్న దద్దురు లేచిన ప్రతిదాన్నీ, వయ్యారిభామ, సర్కారు తుమ్మ, బొద్దింక, పిల్లి వెంట్రుక, అన్నిటినీ ఒకే సీసాలో కలిపి చుక్కలుగా అమ్మే పద్ధతి మరీ ఘోరం. ఏది బాధిస్తోందో తేల్చకుండా పది కలిపితే దేని మోతాదూ చాలదు. అదీ బలం మందు ఆలోచనే, ఎన్ని కలిస్తే అంత మంచిదని.

మాత్ర దొరికే దేశాల్లో ఉన్నవాళ్లకైనా ఇది తేలిక వ్యవహారమేమీ కాదు. పుప్పొడి కాలానికి మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి. మొదటి మాత్ర డాక్టరు ఎదుట వేసి అరగంట కూర్చోబెడతారు, ఎందుకంటే అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు. ఆస్తమా అదుపులో లేని పిల్లలకు ఇవ్వరు. ఇంట్లో రోజూ నాలుక కింద పెట్టి, నిమిషం పాటు గుటక వెయ్యొద్దని బతిమాలాలి, ఐదు నిమిషాలు ఏమీ తినకుండా చూడాలి. మొదటి వారాల్లో పిల్లలు నోరు దురద, చెవి దురద అని ఏడుస్తారు. తిమోతీ మాత్ర గ్రజాక్స్‌లో చేపల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. శాకాహారులు ముందే తెలుసుకుని నిర్ణయించుకోవడం మేలు, మూడో నెలలో తెలిసి గొడవపడేకంటే.

ఇంత చేశాక, ఒక వసంతం తుమ్ముల్లేకుండా గడిస్తే, బలం లెక్కవాళ్లు చేసే పని ఒకటే. ఒళ్లు గట్టిపడిందిగా, ఇక ఎందుకు అని మాత్ర ఆపేస్తారు. లండన్‌లో పెద్దవాళ్లు 106 మంది మీద ఇదే పరీక్షించి 2017లో చెప్పారు. రెండేళ్లు ఇంజక్షన్లో మాత్రలో తీసుకుని ఆపినవాళ్లు, మూడో ఏడు ముక్కులో పుప్పొడి పరీక్ష పెట్టేసరికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో సమానమైపోయారు. మూడు నాలుగేళ్లు కొనసాగించినవాళ్లలో మాత్రం, ఆపాక కూడా కనీసం మూడేళ్లు ఫలితం నిలిచిందని 1999లోనే చూశారు. మా పిన్ని కూతురికి ఆ రాత్రే ఈ లెక్క చెప్పాను. "మరి వచ్చే ఏడు తగ్గిపోతే?" అంది. తగ్గినా ఆపొద్దన్నాను, ఇంకో రెండేళ్లు వెయ్యమన్నాను.